మేరీ బెన్నెట్ కథ నేను రాయొచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు దాదాపు ఒకే విషయం మీద ఉన్నాయి. అందుకని మిగతావన్నీ వచ్చే నెలకు ఉంచి, చోటంతా వీటికే ఇచ్చాను.

ప్రశ్న: డిగ్రీలో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మాకు పాఠంగా ఉండేది. అప్పుడు గైడ్ చదివి పరీక్ష రాసేశాను. ఉద్యోగంలో చేరాక హాస్టల్ గదిలో అసలు నవల మొదలుపెడితే తెల్లారేదాకా వదల్లేకపోయాను. ఇప్పటికి ఐదుసార్లు చదివాను. ఐదుగురు అక్కచెల్లెళ్లలో మధ్యదైన మేరీని ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోరనిపించి, ఆమె మీద ఒక నోట్‌బుక్ నిండా రాశాను. మా అన్నయ్య చూసి, వేరేవాళ్ల పాత్రలతో రాస్తే అది నీ కథ ఎలా అవుతుంది, కాపీ కదా అన్నాడు. అప్పటినుంచి పెన్ను కదలడం లేదు. ఫ్యాన్ ఫిక్షన్, అంటే మనకిష్టమైన పుస్తకంలోని పాత్రలతో కొత్త కథలు, రాసే రచయిత్రిని కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగులో రాస్తే ఎవరైనా చదువుతారా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నోట్‌బుక్ నిండా రాశావంటే మొదలుపెట్టడం ఎప్పుడో అయిపోయిందమ్మా. ఆగింది మీ అన్నయ్య మాట దగ్గర, కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఆ పాత్రల్ని పుస్తకం దాటించి బయటికి తీసుకొచ్చిన మొదటి మనిషి స్వయంగా ఆ నవల రాసిన జేన్ ఆస్టెనే. నవల 1813 జనవరిలో వచ్చింది. అదే ఏడాది మే నెలలో లండన్‌లో ఒక చిత్రప్రదర్శనకు వెళ్లి, తెల్ల గౌనూ ఆకుపచ్చ అలంకారాలతో ఉన్న ఒకావిడ చిన్న బొమ్మ చూసి, ఇది అచ్చం మిసెస్ బింగ్లీయే, అంటే పెళ్లయ్యాక మేరీ పెద్దక్క జేన్ బెన్నెట్టే, అని అక్క కాసాండ్రాకు ఉత్తరం రాసింది. ఆకుపచ్చ ఆమెకు ఇష్టమైన రంగని నాకు ముందే అనిపించిందని కూడా రాసింది. కథానాయిక, మేరీ రెండో అక్క ఎలిజబెత్ బొమ్మ కూడా ఉంటుందేమో, ఉంటే పసుపు రంగులో ఉంటుందని ఆశపడి వెతికింది, దొరకలేదు. ఇంట్లో పిల్లలు అడిగితే ఆ తర్వాత ఎవరికి ఏమైందో కూడా చెప్పేదట. మేనల్లుడు 1869 చివర్లో అచ్చువేసిన ఆమె జీవితకథలో అవన్నీ ఉన్నాయి. నీకు పనికొచ్చేది అందులోనే ఉంది: మేరీ తన బాబాయి మిస్టర్ ఫిలిప్స్ దగ్గర పనిచేసే ఒక గుమస్తాను పెళ్లి చేసుకుందట.

ఆస్టెన్ పోయాక కూడా ఆ పని ఇంట్లోవాళ్లే అందుకున్నారు. ఆస్టెన్ సగంలో వదిలేసిన ‘సాండిటన్’ నవలను మేనకోడలు అన్నా కొనసాగించబోయి తనూ పూర్తిచేయలేకపోయింది. ఆస్టెన్ చనిపోయిన మరుసటి ఏడాది పుట్టిన ఇంకో మేనకోడలు కేథరీన్ హబ్బాక్, ‘ది వాట్సన్స్’ అనే అసంపూర్ణ నవల ఆధారంగా 1850లో ఏకంగా మూడు సంపుటాల నవల అచ్చువేయించింది. ఇవన్నీ మీ అన్నయ్యకు చెప్పు. మన ఇళ్లలో ఆడవాళ్లు పాడుకున్న ‘ఊర్మిళాదేవి నిద్ర’ కూడా గుర్తుచెయ్యి. రామాయణంలో రెండు మాటలతో వదిలేసిన ఊర్మిళను పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టి, నీకేమైందమ్మా అని అడిగిన పాట అది. మేరీ విషయంలో నువ్వు చేస్తున్నదీ అదే కదా.

ఇక పని గురించి. నోట్‌బుక్ పక్కన పెట్టి, ఇంకోసారి నవల తీసుకుని, మేరీ కనిపించే ప్రతి వాక్యం విడిగా ఒక కాగితం మీద రాసుకో. ఎక్కువ ఉండవు, ఒక్క సాయంత్రం చాలు. నెదర్‌ఫీల్డ్ డాన్సు రాత్రి ఆమె పియానో ముందు నుంచి లేవకపోతే, ఇప్పటికే చాలాసేపు మమ్మల్ని ఆనందపెట్టావు, మిగతా అమ్మాయిలకూ కాస్త అవకాశమివ్వు అంటాడు తండ్రి, అందరూ వింటుండగా. మేరీ విననట్టు నటిస్తుంది. మనం ఆ సీన్‌లో ఎలిజబెత్ పక్కన నిలబడి ఇబ్బందిపడతాం కానీ, ఆ రాత్రి ఇంటికెళ్లాక మేరీ ఏం చేసిందో పుస్తకంలో లేదు. తర్వాత 22వ అధ్యాయంలో ఒక చిన్న మాట దాటిపోతుంది: తండ్రి తర్వాత ఆ ఇంటి ఆస్తి దక్కే బంధువు కాలిన్స్‌ను చేసుకోవడానికి మేరీ ఒప్పుకునేదేమో, మిగతావాళ్లకంటే అతని మీద ఆమెకే మంచి అభిప్రాయం ఉండేది అని. అతను మాత్రం ఆమెను అడగనే లేదు! నాకైతే ఈ ఒక్క వాక్యంలోనే ఒక పూర్తి కథ కనిపిస్తుంది. చివరి అధ్యాయంలో ఇంట్లో మిగిలిన కూతురు మేరీ ఒక్కతే, అక్కాచెల్లెళ్ల అందంతో పోల్చేవాళ్లు ఇక లేరు కాబట్టి ఆమెకు ఊరటగానే ఉందంటుంది ఆస్టెన్. ఈ మూడు చోట్లనీ ముందు పెట్టుకో. మధ్యలో ఖాళీగా ఉన్నదంతా నీదే.

మేరీ మీద ఇంగ్లీషులో ఇప్పటికే నవలలున్నాయి, జానిస్ హాడ్లో రాసినది 2020లో వచ్చింది. అది చూసి వెనక్కి తగ్గకు, నీ కథ పూర్తయ్యేదాకా దాన్ని చదవకు కూడా. నీ చెవిలో ఆమె మేరీ గొంతు పడితే నీ మేరీ మాట్లాడదు.

తెలుగులో రాయడం గురించి అడిగావు, అసలు నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. ఇంగ్లీషులో అందరికీ ‘యూ’ ఒక్కటే. తెలుగులో రాయడానికి కూర్చోగానే ఎవరు ఎవరిని నువ్వంటారో, ఎవరు మీరంటారో తేల్చుకోవాలి. గొప్పింటి ఆవిడ లేడీ కేథరీన్ బెన్నెట్ల ఊరు లాంగ్‌బోర్న్‌కు వచ్చి ఎలిజబెత్‌ను నిలదీసినప్పుడు ఆవిడ నువ్వు అనే అంటుంది, ఎలిజబెత్ మీరు అంటూనే ఒక్క అంగుళం కూడా తగ్గదు, ఆ గొడవలో వేడంతా ఆ రెండు మాటల మధ్య ఉంటుంది. మరి చివరికి తను పెళ్లాడే డార్సీని ఎలిజబెత్ ఎప్పుడైనా నువ్వంటుందా? నా లెక్కలో పెళ్లయ్యాక కూడా అనదు. ఇరవై మూడేళ్ల కాపురం తర్వాత కూడా మిసెస్ బెన్నెట్ భర్తను ‘మిస్టర్ బెన్నెట్’ అనే పిలుస్తుంది, భర్త పేరు నోటితో చెప్పని మన అమ్మమ్మల కాలాన్ని ఎరిగిన పాఠకులకు అది వెంటనే అర్థమవుతుంది. వరసలు కూడా అంతే. మిసెస్ గార్డినర్ మేనమామ భార్య కాబట్టి అత్తయ్య, అందులో సందేహం లేదు. మిసెస్ ఫిలిప్స్ తల్లికి తోబుట్టువు, మరి పెద్దమ్మా, పిన్నా? పైన నేను ఫిలిప్స్‌ను బాబాయి అన్నాను చూడు, అది నా నిర్ణయం, నువ్వు పెదనాన్నను చెయ్యొచ్చు.

నేను మొదట రాసిన కథ షార్లెట్ మీద, కాలిన్స్‌ను చేసుకున్న ఎలిజబెత్ స్నేహితురాలు ఆమె. పెళ్లయ్యాక ఆమె తను కూర్చోవడానికి ఇంటి వెనకవైపు గది ఎంచుకుంటుంది, ముందు గదిలాంటి మంచి గది అయితే భర్త అస్తమానం వచ్చి కూర్చుంటాడని. ఆ వెనక గది నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. కానీ నా కథలో షార్లెట్ భర్తను ‘విలియమ్’ అని పిలిచింది. అచ్చయ్యాక ఒక పెద్దావిడ ఉత్తరం రాసి, షార్లెట్ అలా పిలవదండీ అన్నారు. ‘మిస్టర్ కాలిన్స్’ అని మార్చి చదువుకుంటే, ఆ ఇద్దరి మధ్య నేను పేజీలకు పేజీలు వర్ణించి తేలేకపోయిన దూరం ఆ పిలుపుతోనే వచ్చేసింది. అప్పటినుంచి పిలుపులు తేలకుండా నేను ఒక్క సీన్ కూడా రాయను.

చదివేవాళ్లుంటారా అంటే, ఉంటారు, మొదట్లో తక్కువమందే. ప్రతిలిపిలాంటి వెబ్‌సైట్లలో తెలుగు పాఠకులు చాలామందే ఉన్నారు, అయితే వాళ్లలో ఎక్కువమంది ఆస్టెన్‌ను చదివి ఉండరు. అందుకని నవల తెలియని మనిషికి కూడా మొదటి పేజీలోనే మేరీ ఎవరో, ఆ ఇల్లెలాంటిదో తెలిసేలా రాయి.

ప్రశ్న: చనిపోయిన రచయితల పాత్రలు వాడుకుంటే కేసులేమైనా అవుతాయా? ఆస్టెన్ సరే, మన తెలుగు నవలల మీద కూడా ఇలా రాయొచ్చా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మన దేశంలో రచయిత బతికున్నంతకాలం, పోయాక మరో అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆ అరవై ఏళ్లు చనిపోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి లెక్క. ఆస్టెన్ 1817లో పోయింది, టెన్షన్ అక్కర్లేదు. కాకపోతే ఆమె నవలల మీద వచ్చిన సినిమాలు, సీరియళ్ల సంగతి వేరు. డార్సీ చెరువులోకి దూకి తడిసిన చొక్కాతో రావడం 1995 బీబీసీ సీరియల్‌లోది, నవల మొత్తం వెతికినా అది ఉండదు. అలాంటివి వాడితే అది ఇప్పుడున్నవాళ్ల సొత్తు.

తెలుగులో కందుకూరి (1919), గురజాడ (1915) లాంటివాళ్ల రచనలకు ఆ గడువు ఎప్పుడో దాటింది. కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ కూడా గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ప్రేరణతో పుట్టిందే, ఆ మాట ఆయనే చెప్పుకున్నారు. విశ్వనాథ సత్యనారాయణ 1976లో, చలం 1979లో పోయారు, వాళ్ల పాత్రలతో రాసి అచ్చువేయాలంటే వారసుల అనుమతి అడగాల్సిందే. బతికున్న రచయిత అయితే నేరుగా వాళ్లకే ఉత్తరం రాయి, నీ కథ జతచేసి. ప్రేమగా రాసినదైతే చాలామంది సంతోషిస్తారు. వద్దన్నారా, దాన్ని నీ డ్రాయర్‌లో ఉంచుకోవాలి తమ్ముడూ, అందులో వాదన పెట్టుకోకు.

ప్రశ్న: నేను ఎలిజబెత్ కథను గోదావరి జిల్లాకు తెచ్చి తెలుగు కుటుంబంలో జరిగినట్టు రాయాలనుకుంటున్నాను. ‘ప్రియురాలు పిలిచింది’ సినిమా ఆస్టెన్ నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఆధారంగా వచ్చిందే కదా, అంత సహజంగా రావాలంటే ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: అవునండీ, తమిళంలో 2000లో వచ్చి మనకు డబ్బింగ్‌లో వచ్చిన సినిమా అది. ఊరు, వంటలు, పెళ్లి సందడి మీరు ఎలాగూ బాగానే రాస్తారు. నా భయమంతా ఆస్తి దగ్గర. ఐదుగురు కూతుళ్లు, కొడుకు లేడు, తండ్రి పోతే ఎస్టేటు కాలిన్స్‌కు వెళ్తుంది, తల్లి ఆరాటమంతా అందుకే. ఆ భయం తీసేస్తే మిసెస్ బెన్నెట్ ఉత్త వాగుడుకాయగా మిగిలిపోతుంది, అది ఆవిడకు అన్యాయం. ఇప్పటి గోదావరి జిల్లాలో కూతుళ్లకు హక్కుంది కాబట్టి ఆ భయం నిలబడదు. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందైతే నిలబడుతుంది, విడిపోని ఉమ్మడి కుటుంబంలో కొడుకులు లేనివాడి వాటా కూతుళ్లకు రాకుండా దాయాదులకు పోయేది. కాబట్టి కాలిన్స్ మన దాయాది.

అక్కడే అసలు చిక్కు. దాయాది అంటే ఇంటిపేరూ గోత్రమూ ఒకటే, అతను ఎలిజబెత్‌ను పెళ్లికి అడిగే ప్రశ్నే లేదు, వరసకు ఏ అన్నో బాబాయో అవుతాడు! ఇది నేను చాలా రోజులు ఆలోచించాను. మీ కాలిన్స్ తన బావమరిదికి ఎలిజబెత్‌ను ఇమ్మని సంబంధం తేవచ్చు, అప్పుడు ఆస్తి పట్టుకున్నవాడు ఒకడు, పెళ్లికొడుకు ఇంకొకడు అవుతారు, వద్దన్నందుకు పడే శిక్ష మాత్రం అలాగే ఉంటుంది. లేదా తండ్రి పక్క ఉమ్మడి ఆస్తి వదిలేసి, తాతగారు ఎలిజబెత్ మేనత్త కొడుక్కి వీలునామా రాశాడనుకోండి, అప్పుడు మేనరికం కూడా కుదురుతుంది. నాకు మొదటిదే ఇష్టం. డార్సీ ఏడాదికి పదివేల పౌండ్లను ఎకరాల్లోకి మార్చేటప్పుడు ఆ కాలపు శిస్తులూ పంటలూ తెలిసిన పెద్దవాళ్లను ఒక్కసారి అడగండి.

ఆస్టెన్ 1814లో మేనకోడలు అన్నా నవల దిద్దుతూ, నీ పాత్రలు ఐర్లండ్ వెళ్తే వెళ్లనీ, అక్కడి పద్ధతులు నీకు తెలియవు కాబట్టి నువ్వు మాత్రం వాళ్ల వెంట వెళ్లకు అని రాసింది. పల్లెటూళ్లో మూడు నాలుగు కుటుంబాలుంటే చాలు, రాయడానికి అంతకంటే ఏం కావాలని కూడా అన్నాకే చెప్పింది. మీరు డల్లాస్‌లో ఎన్నేళ్లుగా ఉంటున్నారో ఉత్తరంలో లేదు. గోదావరి మీకు దూరమైపోయి ఉంటే అక్కడి తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తీసుకోండి, సంబంధాల ఆరాటం అక్కడా తక్కువేం లేదు.

ప్రశ్న: ఆస్టెన్ ‘పర్సుయేషన్’ నవలకు కొనసాగింపుగా రాసిన కథ ఒక పత్రికకు పంపితే నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. చదివారని కూడా అనుకోను. ఇంక మానేయమంటారా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వద్దమ్మా. 1797లో ఆస్టెన్ తండ్రి ఆమె నవల గురించి లండన్‌లో ఒక ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తే, రాతప్రతి పంపమని కూడా అనకుండా వెంటనే వద్దని జవాబొచ్చింది. ఆ రోజు వద్దన్నదే తర్వాత ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అయింది. 1803లో ఇంకో నవలను పది పౌండ్లకు అమ్మితే, కొన్నవాళ్లు అచ్చువేయకుండా అట్టిపెట్టుకున్నారు, పదమూడేళ్ల తర్వాత ఆ పది పౌండ్లే తిరిగిచ్చి వెనక్కి తీసుకుంది. అది పుస్తకంగా వచ్చేసరికి ఆమె లేదు.

నువ్వు ఉత్తరంతో పాటు పంపిన మొదటి రెండు పేజీలు చదివాను. కెప్టెన్ వెంట్‌వర్త్ ఉత్తరాన్ని కథానాయిక యాన్ మడతపెట్టి దాచుకునే చోటు చాలా బాగుంది. కానీ అది రెండో పేజీ చివర్లో వస్తోంది, దానికి ముందంతా అసలు నవల సారాంశమే. ఆ పేజీన్నర తీసేసి, ఆ మడత దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి, రాశాక నాకు పంపు.