బ్లూస్ గాయకుడు, గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ దెయ్యానికి ఆత్మ అమ్ముకున్నాడా? ఎలా చనిపోయాడు? అతని స్లైడ్ గిటార్ వాయిద్యం నాకు పట్టుబడుతుందా?

అమ్ముకోలేదు, గురువు దగ్గర నేర్చుకున్నాడు. 1930 ప్రాంతంలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం రాబిన్సన్‌విల్‌లో బ్లూస్ గిటారిస్టు సన్ హౌస్ విరామం తీసుకున్నప్పుడల్లా కుర్రాడు రాబర్ట్ ఆ గిటార్ అందుకుని గోల చేస్తుంటే జనం విసుక్కునేవాళ్ళు. తర్వాత పుట్టిన ఊరు హేజిల్‌హర్స్ట్ వైపు వెళ్ళి గిటారిస్టు ఐక్ జిమ్మర్‌మన్ దగ్గర చేరాడు. రాత్రిళ్ళు శ్మశానంలో కూర్చుని సాధన చేసేవారని జిమ్మర్‌మన్ ఇంటివాళ్ళు చెప్పారు. రాబర్ట్ తిరిగొచ్చి వాయిస్తే సన్ హౌస్ నోరెళ్ళబెట్టాడు.

నాలుగు రోడ్ల కూడలిలో దెయ్యానికి ఆత్మ అమ్ముకున్న కథ మొదట టామీ జాన్సన్ అనే మరో గాయకుడిది. ఇంటిపేరు కలిసింది, కథ చేతులు మారింది. 'క్రాస్ రోడ్ బ్లూస్' పాటలో దెయ్యం ఊసే లేదు. మోకాళ్ళ మీద పడి దేవుణ్ణి కరుణించమంటాడు, చెయ్యి ఊపినా ఒక్క బండీ ఆగదు, పొద్దుగూకుతుంటుంది. ఆనాటి మిసిసిపీలో చీకటివేళ రోడ్డు మీద ఒంటరిగా చిక్కిన నల్లజాతి మనిషి భయం అది. దెయ్యం కథ ఆ భయాన్ని కప్పేస్తోంది, నా బాధ అదే.

చనిపోయింది 1938 ఆగస్టు 16న, గ్రీన్‌వుడ్ దగ్గర, 27 ఏళ్ళకే. 1968లో దొరికిన మరణ పత్రంలో కారణం రాయాల్సిన చోట 'డాక్టర్ లేడు' అని ఉంది. ఒక భర్త అసూయతో విస్కీలో విషం కలిపాడని తోటి కళాకారుడు హనీబాయ్ ఎడ్వర్డ్స్ చెప్పాడు. ఆ విషం స్ట్రిక్నిన్ అన్న మాట మాత్రం నిలవదు. ముష్టి గింజల్లో ఉండే ఆ పదార్థం కటిక చేదు, గంటల్లో ప్రాణం తీస్తుంది. ఇతనేమో కొన్ని రోజులు బాధపడ్డాడు. ఎక్కడ పూడ్చారో కచ్చితంగా తేలక సమాధి రాళ్ళు మూడు చోట్ల ఉన్నాయి.

ఇక వాయిద్యం. నొక్కకుండా మీటితే జి స్వరగుచ్ఛం పలికే ఓపెన్ జి శ్రుతితో మొదలుపెట్టండి: మామూలు శ్రుతిలోని 6 (అన్నిటికన్నా లావుది), 5, 1 తీగల్ని ఒక్కో పూర్తి స్వరం కిందికి దించితే లావు తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి వస్తాయి. పై శ్రుతి కావాలంటే తీగల్ని బిగించొద్దు, 2వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే బిగింపు) పెట్టండి. బిగిస్తే తీగ తెగొచ్చు, పాత గిటార్ అయితే పైపలక ఉబ్బొచ్చు. తీగలు 13 గేజ్ (సెట్‌లోని సన్న తీగ మందం) ఉండాలి. 10 గేజ్ అయితే స్లైడ్ (వేలికి తొడుక్కుని తీగల మీద జార్చే గొట్టం) బరువుకే కుంగి ఫ్రెట్లకు తగిలి గరగరమంటాయి.

స్లైడ్ చిటికెన వేలికి తొడగండి, మిగతా మూడు వేళ్ళూ మామూలుగా నొక్కడానికి మిగులుతాయి. తీగను అదమకండి, ఆనించండి చాలు. ఎక్కువమంది చేసే తప్పు, వేలితో నొక్కినట్టే ఫ్రెట్ వెనక పెట్టడం. అప్పుడు అపస్వరమే, శ్రుతి తగ్గుతుంది. స్లైడ్ సరిగ్గా ఫ్రెట్ కమ్మీకి పైన ఉండాలి. గోటువాద్యం చూసినవాళ్ళకి ఈ జారుడు కొత్త కాదు. స్లైడ్ వెనక ఉంగరపు వేలు తేలిగ్గా ఆనిస్తే అనవసరపు మోత ఆగుతుంది. నొక్కకుండా మీటితే జి, 5వ ఫ్రెట్ మీద సి, 7 మీద డి. కావాల్సిన మూడు కార్డులూ (స్వరగుచ్ఛాలు) ఇవే.

బొటనవేలు 5వ తీగ మీదే నడవాలి, జి అక్కడే ఉంది. అలవాటుగా 6వ తీగ మీటితే డి మోగి ఆధారం జారిపోతుంది. మెట్రోనోమ్ (తాళం చూపే పరికరం) నిమిషానికి 60 దెబ్బలకి పెట్టి, అరచేతి అంచు బ్రిడ్జికి (గిటార్ పెట్టె మీద తీగలు ఆనే పట్టీకి) ఆనించి, ముందు బొటనవేలు ఒక్కటే నడపండి. అది నిద్రలో కూడా తప్పకుండా నడిచేదాకా స్లైడ్ ముట్టుకోవద్దు. అతని రికార్డుల్లో రెండు గిటార్లు ఉన్నట్టు వినిపించేది ఈ బొటనవేలి వల్లే.

1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డల్లాస్‌లో రికార్డయిన పాటలు మొత్తం 29. సాధనకు 'కమ్ ఆన్ ఇన్ మై కిచెన్' తీసుకోండి. దానికి రెండు టేకులు (ఒకే పాటను విడివిడిగా పాడి చేసిన రికార్డింగులు) మిగిలాయి, నెమ్మదైనది ఎంచుకోండి. గొంతు వదిలేసిన మాటను స్లైడ్ అందుకుని పూర్తిచేసే చోట్లు అందులో స్పష్టంగా దొరుకుతాయి.