నాన్న రాసిన ప్రామిసరీ నోటు మీద సమన్లు వచ్చాయి, వకీలును పెట్టుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: పరకాల దగ్గర పల్లె, నాన్న పోయి ఏడాది అయింది. ఆయన ఎప్పుడో సంతకం చేసిన ప్రామిసరీ నోటు మీద మూడు లక్షలు వడ్డీతో కట్టాలని మీకూ మీ అమ్మకూ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఊళ్లో పెద్దమనుషులు "మేం మాట్లాడతాం, కోర్టుకు పోవద్దు" అంటున్నారు. వకీలు ఖర్చంటే భయంగా ఉంది.

వకీలును పెట్టుకోండి, వీలైతే ఈ వారంలోనే. మా ఇంట్లో అచ్చం ఇలాగే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

మాది వర్ధన్నపేట వైపు. బాపు పత్తి వేసేవాడు. విత్తనాలు, మందులు ఒక దుకాణంలో ఉద్దెరకు తెచ్చుకుని పంట అమ్మినాక కట్టేవాడు. ఉద్దెర ఇచ్చే ముందు దుకాణదారు ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకునేవాడు. వరుసగా రెండేళ్లు పంట పోయింది. 2013లో సమన్లు వచ్చాయి. బాపు సంతకం చేసి తీసుకుని సందుగలో పెట్టాడు. పెద్దమనుషులు కూర్చుని 80 వేలకు ఒప్పించారు. బాపు రెండు విడతల్లో కట్టేశాడు. రసీదు అడగలేదు, నోటు వెనక చెల్లు రాయించుకోలేదు, నోటు వెనక్కి తీసుకోలేదు. పంచాయితీ అయిపోయింది కదా అని అందరం నిమ్మళంగా ఉన్నాం.

కోర్టులో కేసు మాత్రం నడుస్తూనే ఉంది. మా తరఫున ఎవరూ హాజరు కాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మేం లేకుండానే మా మీద తీర్పు, వచ్చింది. ఏడాదిన్నర తర్వాత కోర్టు అమీను జప్తు కాయితం పట్టుకుని వాకిట్లో నిలబడే దాకా ఆ సంగతి మాకు తెలియదు. ఇల్లు పోతుందని అవ్వ ఆ రాత్రంతా ఏడ్చింది. వ్యవసాయం మీద బతికే రైతు ఉంటున్న ఇంటిని, నాగలిని, ఎడ్లను ఇలాంటి అప్పు కింద జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లోనే ఉంది. ఆ ఒక్క ముక్క చెప్పే మనిషి ఆ రాత్రి మాకు లేడు. ఇప్పటికీ అది తలచుకుంటే బాధగా ఉంటుంది.

తెల్లారి హన్మకొండ అదాలత్ దగ్గరికి పరుగెత్తాం. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులే, మీరు ఏడాది దాటి వచ్చారు అన్నాడు వకీలు సాబు. ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్, డిక్రీ రద్దుకు ఇంకో పిటిషన్ వేయాల్సి వచ్చింది. కొంత సొమ్ము కోర్టులో కడితేనే వింటామన్నారు. కట్టిన 80 వేలకు రుజువు లేదు. పంచాయితీలో కూర్చున్న వాళ్లలో ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. మొదటి వాయిదాకే వకీలును తీసుకుని వెళ్లి ఉంటే మాకైన మొత్తం ఖర్చులో సగంతో పోయేది.

పెద్దమనుషులతో మాట్లాడటం తప్పు కాదు. రాజీ కుదిరితే అంతకంటే మంచిది లేదు. కానీ ఊళ్లో మాట్లాడుకుంటున్నామని కోర్టు ఆగదు. ఇటు మాటలు నడుస్తుండగానే అటు మీ వకీలు వకాల్తా (మీ తరఫున వాదించడానికి మీరిచ్చే అధికార పత్రం) వేసి ఉండాలి. రాజీ కుదిరితే దాన్ని రాతలో పెట్టి కోర్టు ముందు గానీ లోక్ అదాలత్‌లో గానీ నమోదు చేయించండి. లోక్ అదాలత్ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఇచ్చే ప్రతి రూపాయికీ సంతకంతో రసీదు తీసుకోండి, లేదంటే బ్యాంకు ద్వారానే పంపండి.

ఇక గడువు సంగతి. మామూలు సివిల్ దావా అయితే సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వొచ్చు. అయితే ప్రామిసరీ నోటు దావాలను సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 37 కింద, అంటే త్వరగా తేల్చే పద్ధతిలో, కూడా వేస్తారు. మీ సమన్ల మీద ఆ మాట ఉంటే, అందిన 10 రోజుల్లోనే హాజరు నమోదు చేయించాలి. ఆ తర్వాత కూడా, కేసు ఎందుకు కొట్లాడాలనుకుంటున్నారో చెప్పి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. పది రోజులు దాటితే అవతలివాళ్లు చెప్పిందే నిజమన్నట్టు డిక్రీ ఇచ్చేయొచ్చు. అందుకే ఈ వారం అంటున్నా. కొందరు కవరు తీసుకోకపోతే సరి అంటారు, అది వినకండి. నిరాకరించినా అందినట్టే లెక్క.

మీ కేసులో వకీలు చూడాల్సినవి చాలా ఉన్నాయి. నోటు మీద తేదీ చూడమనండి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. మధ్యలో కొంత కట్టినట్టు వెనక చెల్లు రాసి మీ నాన్న సంతకం ఉంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఆ సంతకం ఆయనదేనా అన్నది మీరు, అమ్మ కళ్లతో చూసి చెప్పాలి. ఖాళీ నోటు మీద సంతకం చేశాడు కాబట్టి చెల్లదులే అనుకోవద్దు. సంతకం నిజమని తేలితే డబ్బు ముట్టిందనే చట్టం మొదట అనుకుంటుంది, కాదని చూపించాల్సింది మనమే. ఇచ్చిన మనిషి వడ్డీ వ్యాపారమే చేస్తుంటే లైసెన్సు ఉందా అని కూడా అడగండి. మన తెలంగాణ ప్రాంతానికి నిజాం కాలం నుంచి 1349 ఫస్లీ నాటి వడ్డీ వ్యాపారుల చట్టం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, నాన్న అప్పుకు మీ బాధ్యత ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే. మీ జీతం, మీరు సొంతంగా కొనుక్కున్నవి దాని కిందికి రావు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న ఒక్క కారణంతో వసూలు చేసే పద్ధతిని 2005 హిందూ వారసత్వ సవరణ తీసేసింది. సవరణ తర్వాత చేసిన అప్పులకు ఆ పాత పద్ధతి వర్తించదు. కానీ టెన్షన్‌లో పడి నాన్న భూమిని ఇప్పుడు అమ్మడమో, ఇంకొకరి పేరున రాయడమో చేయకండి. వచ్చిన ఆస్తి ఏమైందో మీరు లెక్క చెప్పలేకపోతే, ఆ మేరకు భారం మీ సొంతం మీద పడుతుంది.

నాన్నవి ఖాళీ చెక్కులు కూడా ఉన్నాయి, జైలుకు పంపిస్తా అని ఎవరైనా బెదిరిస్తే భయపడొద్దు. చెక్ బౌన్స్ కేసులో శిక్ష సంతకం చేసిన మనిషికే. ఆయన పోయాక వారసులను జైలుకు పంపలేరు. అప్పు కట్టలేదన్నది పోలీస్ స్టేషన్‌లో తేల్చే పంచాయితీ కాదు. అయినా స్టేషన్ నుంచి పిలుపు వస్తే వకీలుకు చెప్పకుండా ఒక్కరే పోకండి.

ఖర్చు గురించి. సమన్లలో మీ అమ్మ పేరు ఉంది కదా. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు కూడా అంతే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు అమ్మను తీసుకెళ్లి దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సర్కారు వకీలు సరిగ్గా చూడడని కొందరు అంటారు. మాకు లోక్ అదాలత్‌లో సాయం చేసింది ఆ సంస్థ ఇచ్చిన ప్యానెల్ వకీలమ్మే. ఓపిగ్గా ప్రతి కాయితం చదివి చెప్పింది.

సొంతంగా పెట్టుకుంటే సివిల్ కేసులు చూసేవారినే పెట్టుకోండి. ఫీజు ఒకేసారి ఇవ్వకుండా, జవాబు వేసేటప్పుడు ఇంత, సాక్ష్యం దశలో ఇంత అని ముందే మాట్లాడుకోండి. వకాల్తా మీద కేసు వివరాలు రాసి ఉన్నాకే సంతకం చేయండి. కేసుకు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా ఎప్పుడో, ఆ రోజు ఏం జరిగిందో మీరే చూసుకోవచ్చు. మాకప్పుడు ఇలాంటి యాప్ ఉండి ఉంటే డిక్రీ సంగతి అప్పుడే తెలిసేది.

అన్నిటికీ వకీలు అక్కర్లేదు. కొన్న వస్తువు పాడైతే వినియోగదారుల కమిషన్‌లో మీరే ఫిర్యాదు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. ఆఫీసుల్లో పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది. కానీ కోర్టు ముద్ర ఉన్న కాయితం, గడువు రాసిన లీగల్ నోటీసు వచ్చాయంటే మాత్రం సొంత వైద్యం వద్దు.

వెళ్లేటప్పుడు సమన్లు, వాటితో వచ్చిన దావా కాపీ, నాన్న మరణ ధృవీకరణ పత్రం, పట్టాదారు పాసుబుక్కు, ఆయన రాసుకున్న లెక్కల పుస్తకం ఏదైనా ఉంటే అదీ తీసుకెళ్లండి. ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వండి. సమన్లు ఏ తారీఖున అందాయో, వాటి మీద ఆర్డర్ 37 అని ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి, ఎన్ని రోజులు మిగిలాయో లెక్క వేసి చెబుతాను.