ఫిజీకి ఒలింపిక్స్‌లో వచ్చింది నాలుగు పతకాలేనా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పగలరా?

అవును, లెక్క నాలుగే. రెండు బంగారు, ఒక రజతం, ఒక కాంస్యం. నాలుగూ రగ్బీ సెవెన్స్‌లో వచ్చినవే. "1956 నుంచి వెళ్తున్నా ఇంతేనా" అని మీరు అడిగారు. నేను 2014 నుంచి నాలుగేళ్లు ఫిజీ రాజధాని సువాలో ఉద్యోగం చేశాను. మొదట్లో నాకూ అదే సందేహం వచ్చింది.

ఫిజీ జనాభా తొమ్మిది లక్షలు, అంటే దాదాపు మన విజయవాడంత. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి దేశానికి ఇంకా స్వాతంత్ర్యం కూడా రాలేదు. అది 1970లో వచ్చింది. సత్తా ఉన్న మనుషులు మాత్రం అప్పటికే ఉన్నారు. 1950లో ఆక్లండ్‌లో జరిగిన బ్రిటిష్ ఎంపైర్ క్రీడల్లో మతాయికా తుయిదకావు షాట్‌పుట్‌లో బంగారు పతకం గెలిచాడు. చిక్కేమిటంటే, ఫిజీలో ఊరూరా ఆడే ఆట ఒలింపిక్స్‌లో లేదు. సాయంత్రమైతే సముద్రం ఒడ్డున, బడి మైదానంలో, చివరికి రోడ్డు పక్కన కూడా పిల్లలు రగ్బీయే ఆడతారు. బంతి లేకపోతే ప్లాస్టిక్ సీసాతో ఆడతారు. వైపుకు ఏడుగురు, ఏడేసి నిమిషాల రెండు భాగాలు, అంతే ఆట. ఈ సెవెన్స్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని 2009లో నిర్ణయించారు, 2016లో రియోలో మొదటిసారి ఆడించారు. ఫిజీవాళ్లు దేవుడిలా చూసే వైసాలే సెరెవి అప్పటికే రిటైరయ్యాడు. 1997లో, 2005లో సెవెన్స్ ప్రపంచకప్ తెచ్చిన ఆ మనిషి ఒలింపిక్స్‌లో ఆడలేకపోయాడే అని నాకు ఇప్పటికీ బాధే.

2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను వచ్చింది. 44 మంది చనిపోయారు. మా ఆఫీసులో ఒకతనిది కోరో ద్వీపం, అతని ఊళ్లో నిలిచిన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నెలల తర్వాత కూడా ఆ ఊరివాళ్లు టార్పాలిన్ కిందే ఉన్నారు. ఆగస్టులో రియో ఫైనల్ మాకు శుక్రవారం ఉదయం పది ప్రాంతంలో పడింది. ఆఫీసులో పని ఆపేసి అందరం టీవీ ముందు కూర్చున్నాం. ప్రత్యర్థి బ్రిటన్, ఒకప్పుడు ఫిజీని పాలించిన దేశం. సగం ఆట అయ్యేసరికి 29-0. అక్కడితో మా టెన్షన్ పోయింది. చివరికి 43-7. పతకాలు అందుకునేటప్పుడు ఆటగాళ్లు ఒక్కొక్కరే మోకాళ్ల మీద కూర్చుని, తమ సంప్రదాయం ప్రకారం చప్పట్లు కొట్టి తీసుకున్నారు. కోరో అతను ఏడుస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి సువా రోడ్లన్నీ లేత నీలం జెండాలే. జట్టు తిరిగొచ్చాక ప్రభుత్వం సెలవు ఇచ్చింది. మరుసటి ఏడాది ఆ జట్టు బొమ్మతో ఏడు డాలర్ల నోటు కూడా వేశారు.

తర్వాతవి నేను ఇక్కడి నుంచే చూశాను. టోక్యోకు కొవిడ్ రోజుల్లో, చేపలు తీసుకెళ్లే సరుకు విమానంలో వెళ్లారు. ఫైనల్లో న్యూజిలాండ్‌ను 27-12తో ఓడించారు. జెర్రీ తువాయ్‌కి అది రెండో బంగారు పతకం. అమ్మాయిల జట్టు కాంస్యం గెలిచింది. 2024లో పారిస్‌లో మగవాళ్ల జట్టు ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో 28-7తో ఓడి రజతంతో సరిపెట్టుకున్నారు. ఒలింపిక్స్‌లో ఫిజీ పురుషుల సెవెన్స్ జట్టు ఓడిన మొదటి మ్యాచ్ అదే.

భారతీయ మూలాలున్న ఫిజీవాళ్లకు ఎక్కువగా ఫుట్‌బాల్ పిచ్చి. మా ఇంటి యజమానురాలి తాత గిర్మిట్ కూలీగా, అంటే బ్రిటిష్ కాలపు ఒప్పంద కూలీగా, మన తెలుగు నేల నుంచి ఓడెక్కి వెళ్లినవాడట. ఆమెకు తెలుగు రాదు, ఫిజీ హిందీయే. అందరూ ఆజీ అని పిలిచేవాళ్లం. రియోలో ఫిజీ ఫుట్‌బాల్ జట్టు కొరియా చేతిలో 8-0తో, జర్మనీ చేతిలో 10-0తో ఓడింది. మెక్సికో చేతిలో కూడా 5-1తో ఓడింది కానీ, ఆ ఒక్క గోల్ కొట్టింది రాయ్ కృష్ణ. మన ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ లీగ్ చూసేవాళ్లకు బాగా తెలిసిన ఆటగాడే. ఆ రోజు ఆజీ వీధిలో అందరికీ స్వీట్లు పంచింది. ఓడిపోయిన మ్యాచ్‌కి స్వీట్లేంటని నేను అడగలేదు, ఆమె ముఖం చూస్తే అడగాలనిపించలేదు. అన్నట్టు, పసిఫిక్ క్రీడలు పెట్టాలని 1959లో ప్రతిపాదించింది కూడా ఫిజీ తరఫున వెళ్లిన భారతీయ సంతతి వ్యక్తే, డాక్టర్ సాహు ఖాన్. 1963లో మొదటి క్రీడలు సువాలోనే జరిగాయి.

ఇక్కడ ఎవరూ అడగని పేరు ఒకటి చెప్పాలి. రియో బంగారమే ఫిజీకి మొదటిదని అందరూ రాస్తారు. దానికి నాలుగేళ్ల ముందు, 2012 లండన్ పారాలింపిక్స్‌లో ఇలియేసా డెలానా హైజంప్‌లో బంగారు పతకం గెలిచాడు. మూడేళ్ల వయసులో బస్సు ప్రమాదంలో ఎడమ కాలు పోయిన మనిషి, ఒంటికాలితో గెంతుకుంటూ వచ్చి 1.74 మీటర్లు దూకాడు. మన కర్ణాటకకు చెందిన గిరీష కూడా సరిగ్గా అంతే ఎత్తు దూకాడు. విఫల ప్రయత్నాల లెక్కలో డెలానా ముందుండటంతో అతనికి బంగారం, గిరీషకు రజతం. ఆ ఏడాది పారాలింపిక్స్‌లో మన దేశానికి వచ్చిన ఒకే ఒక్క పతకం అది. పసిఫిక్ ద్వీప దేశాల నుంచి పారాలింపిక్స్‌లో బంగారం గెలిచిన మొదటి మనిషి డెలానాయే. మీరు చెప్పే నాలుగు పతకాల లెక్కలో ఇది రాదు, పట్టిక వేరు కాబట్టి. నా లెక్కలో మాత్రం మొదటిది ఇదే.

ఏడు డాలర్ల నోటు అక్కడ చాలామంది దాచుకున్నారు. నేనూ ఒకటి తెచ్చుకున్నాను. ఒకసారి సువా మార్కెట్లో కసావా (కర్రపెండలం) కుప్ప కొంటే, చిల్లరలో డెలానా బొమ్మ ఉన్న 50 సెంట్ల నాణెం వచ్చింది. ఇప్పుడు రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి.