తాళాలు లాక్కోకండి, ముందు కళ్లు చూపించండి

మీ నాన్నగారికి 71 ఏళ్లు, సాయంత్రం కారు తీస్తే ఎదుటి లైట్లకి కళ్లు చెదురుతున్నాయంటున్నారు, తాళాలు అడిగితే గొడవ, అమ్మగారికేమో మారతహళ్లి దగ్గర రోడ్డు దాటాలంటే టెన్షన్ అని రాశారు కదా.

ఆ చెదరడం శుక్లాల వల్ల కావచ్చండీ. మా మామయ్యగారూ ఇదే మాట అంటుంటే బెంగళూరు లైట్లే అంత అనుకుని ఏడాది వదిలేశాం, తీరా చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలే. ఆపరేషన్ అయి, డాక్టర్ సరేనన్నాక మళ్లీ నడుపుతున్నారు, కాకపోతే పగలే. 55 దాటాక లైసెన్స్ ఐదేళ్లకే రెన్యూవల్ చేస్తారు, 40 దాటితే ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ కూడా కావాలి. దాన్ని సంతకం కాగితంలా కాకుండా నిజంగా పరీక్ష చేయించుకునే సాకుగా వాడుకోండి, కొడుకు చెబితే వినని మనిషి డాక్టర్ చెబితే వింటారు. జలుబుకి సెట్రిజిన్ వేసుకున్న రోజు మాత్రం స్టీరింగ్ ముట్టుకోనివ్వకండి, మత్తు వస్తుంది.

ఇక అమ్మగారి సంగతి. మన సిగ్నళ్లలో నడిచేవాళ్ల టైమును మామూలుగా సెకనుకి 1.2 మీటర్ల నడక లెక్కన వేస్తారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అంత వేగం ఎక్కడ నడుస్తారు! అందుకే ఆవిడ వెళ్లేసరికే పచ్చ మనిషి బొమ్మ వెలుగుతుంటే దాటొద్దనండి, ఎర్రబడి మళ్లీ పచ్చ పడగానే మొదలుపెట్టాలి. స్కైవాక్‌కి లిఫ్టు పనిచేస్తుంటే అదే మేలు. చీకటి పడ్డాక లేత రంగు చీర, చేతిలో చిన్న టార్చి.