మీ ప్రశ్నలు, మా జవాబులు: లైనక్స్‌లో గేమ్స్ ఆడాలంటే...

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేశాక విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ గురించి అడిగేవాళ్లు బాగా పెరిగారు. వాళ్లలో ఎక్కువమంది అడిగేది గేమ్స్ గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: బీటెక్ సెకండ్ ఇయర్ చదువుతున్నాను. కోడింగ్ కోసమని ఉబుంటు వేసుకున్నా, బాగా నచ్చింది, విండోస్ పూర్తిగా తీసేశాను. సమస్యల్లా రాత్రిళ్లే. మా రూమ్ వాళ్లంతా కలిసి ఒక ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడతారు. నా దాంట్లో గేమ్ ఓపెన్ అవుతుంది, లాబీ దాకా వస్తుంది, మ్యాచ్ మొదలవగానే బయటికి తోసేస్తుంది. ఉబుంటు తీసి మింట్ వేశా, ఆ తర్వాత ఫెడోరా వేశా, ఏదీ మారలేదు. నేనేం తప్పు చేస్తున్నాను? ఏ డిస్ట్రో వేస్తే ఆడుతుంది?
- ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీరేం తప్పు చేయలేదు. దయచేసి ఇంకో డిస్ట్రో (ఉబుంటు, మింట్ లాంటి ఇంకో లైనక్స్ రకం) మాత్రం వేయకండి, దానివల్ల నిద్ర చెడటం తప్ప ఏమీ మారదు.

మిమ్మల్ని బయటికి తోస్తున్నది గేమ్ కాదు, దాని వెనక ఉన్న యాంటీ చీట్. దొంగాట ఆడేవాళ్లను పట్టుకోవడానికి కంపెనీలు పెట్టే కాపలా అది. వాటిలో కొన్ని నేరుగా విండోస్ కెర్నెల్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డులోకి వెళ్లి కూర్చుంటాయి, వాలరెంట్‌లో ఉండే వాన్‌గార్డ్ అయితే కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచే పనిచేస్తుంటుంది. లైనక్స్‌లో విండోస్ గేమ్స్‌ని నడిపించే ప్రోటాన్ గేమ్ అడిగే మామూలు పనులను మార్చి ఇవ్వగలదు గానీ విండోస్ కెర్నెల్ డ్రైవర్‌ను నడపలేదు, ఎందుకంటే అక్కడ ఉన్నది విండోస్ కెర్నెల్ కాదు. అందుకే వాలరెంట్ లైనక్స్‌లో ఏనాడూ ఆడలేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ని మాత్రం చాలామంది ఏళ్ల తరబడి వైన్‌తో (లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రామ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) హాయిగా ఆడుకున్నారు, 2024లో దానికీ వాన్‌గార్డ్ తగిలించాక వాళ్లంతా ఒక్కసారిగా బయట పడ్డారు. ఫోర్ట్‌నైట్, పబ్‌జీ, కాల్ ఆఫ్ డ్యూటీ, రెయిన్‌బో సిక్స్ సీజ్, ఇవన్నీ కూడా ఇప్పటికి తలుపులు మూసుకునే ఉన్నాయి.

నాకు నిజంగా బాధ కలిగించేది రెండో రకం. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ అనే రెండు పెద్ద యాంటీ చీట్‌లు 2021లోనే ప్రోటాన్‌లో పనిచేసేలా తయారయ్యాయి, గేమ్ చేసిన కంపెనీ సరేనని దాన్ని ఆన్ చేయాలి, అంతే. ఎల్డెన్ రింగ్ వాళ్లు చేశారు, డేజీ వాళ్లు చేశారు, ఆడుతున్నాయి. అపెక్స్ లెజెండ్స్ వాళ్లు కూడా 2022లో చేశారు. మళ్లీ 2024 అక్టోబరు 31న లైనక్స్ నుంచి చీటింగ్ ఎక్కువైందని చెప్పి తీసేశారు. జీటీఏ 5 కథ ఇంకోలా ఉంది. 2024 సెప్టెంబరులో ఆన్‌లైన్ మోడ్‌కి బ్యాటిల్‌ఐ పెట్టారు, లైనక్స్‌కి మాత్రం తెరవలేదు. స్టోరీ మోడ్ చక్కగా ఆడుతుంది, ఆన్‌లైన్‌కి వెళ్తే గెంటేస్తుంది. డబ్బు పెట్టి కొన్న గేమ్‌లో సగం పోయిందన్నమాట. కంపెనీలు చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది, లైనక్స్‌లో ఎవరి కెర్నెల్‌ను వాళ్లే మార్చుకోవచ్చు కాబట్టి దాన్ని నమ్మడం కష్టం. కానీ విండోస్‌లో చీటర్లు లేరా? కెర్నెల్ దాకా చొరబడిన యాంటీ చీట్ ఉన్న గేమ్‌ల్లో కూడా ఉన్నారు. ఆటగాడి కంప్యూటర్ లోపలికి దూరడం కన్నా సర్వర్ వైపు నుంచి పట్టుకోవడం మీద కంపెనీలు ఖర్చు పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఇక మీరు చేయాల్సింది. ఇకమీదట ఏ ఆన్‌లైన్ గేమ్ అయినా డౌన్‌లోడ్‌కి ముందు 'ఆర్ వి యాంటీ చీట్ యెట్' అనే సైట్‌లో చూడండి, ఏది ఆడుతుందో ఏది ఆడదో అక్కడ ఉంటుంది. యాంటీ చీట్‌ను ఏమార్చే చిట్కాలంటూ యూట్యూబ్‌లో కనిపించేవి ముట్టుకోకండి, అకౌంట్ శాశ్వతంగా బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్‌లో రెండో ఎస్‌ఎస్‌డీకి చోటుంటే చిన్నది కొని దాంట్లో విండోస్ వేసుకోండి, అందులో ఆ ఒక్క గేమే పెట్టుకోండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం స్నేహితులతో గడిపే రాత్రులు వదులుకోమని నేనైతే చెప్పను. అప్పుడప్పుడు కౌంటర్ స్ట్రైక్ 2కో, డోటా 2కో వాళ్లను లాక్కురండి, ఈ రెండింటికీ సొంత లైనక్స్ వెర్షన్లు ఉన్నాయి, ఉచితం కూడా.

ప్రశ్న: ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకున్నాను. విండోస్‌లో డీ డ్రైవ్‌లో ఉన్న పెద్ద గేమ్‌ని మళ్లీ డౌన్‌లోడ్ చేయడం ఎందుకని లైనక్స్‌లో ఉన్న స్టీమ్‌కి (గేమ్స్ కొని, దింపుకుని ఆడే యాప్) ఆ డ్రైవ్‌నే చూపించాను. స్టీమ్ గుర్తుపట్టింది. కానీ ప్లే నొక్కితే రెండు సెకన్లు తిరిగి మళ్లీ ప్లే అనే చూపిస్తోంది, ఎర్రర్ అయినా రావడం లేదు.
- షాపు యజమాని, హనుమకొండ

జవాబు: మీలాగే ఆలోచించి ఇక్కడే ఆగిపోయేవాళ్లు చాలామంది. విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఉంటాయి. ప్రోటాన్ ప్రతి గేమ్‌కీ ఒక ఉత్తుత్తి సీ డ్రైవ్ తయారుచేస్తుంది, అందులో సింబాలిక్ లింకులు (ఇంకో చోట ఉన్న ఫోల్డర్‌కి దారి చూపేవి) ఉంటాయి, పేర్లలో కోలన్ గుర్తు కూడా ఉంటుంది. విండోస్ ఆ గుర్తును ఫైల్ పేర్లలో ఒప్పుకోదు కాబట్టి అక్కడే తేడా వస్తుంది. దీనికి తోడు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా మూతపడదు, అప్పుడు లైనక్స్ ఆ డ్రైవ్‌ను చదవగలదు గానీ దాని మీద రాయలేదు. ముందు విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. తర్వాత డీ డ్రైవ్‌ను కొంత తగ్గించి, ఖాళీ అయిన చోట లైనక్స్ పద్ధతి అయిన ఈఎక్స్‌టీ4లో పార్టిషన్ చేసి దాన్ని స్టీమ్ లైబ్రరీగా పెట్టండి. ఇప్పుడు పాత గేమ్ ఫోల్డర్‌ను కొత్త లైబ్రరీలో 'కామన్' అనే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కండి. ఉన్న ఫైళ్లను సరిచూసుకుని లేనివి మాత్రమే దింపుకుంటుంది. పార్టిషన్ల జోలికి వెళ్లే ముందు షాపు లెక్కల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోవడం మర్చిపోకండి.

ప్రశ్న: గేమ్ నొక్కిన ప్రతిసారీ 'ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్' అని చాలాసేపు తినేస్తోంది. మాది హాస్టల్, నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచే. రోజువారీ డేటా కూడా దానికే పోతోంది.
- డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: వల్కన్ అనేది గేమ్ గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పద్ధతి, షేడర్లు అంటే బొమ్మ గీయడానికి ఆ కార్డుకి ఇచ్చే చిన్న ప్రోగ్రామ్‌లు. స్టీమ్ వాటిని ముందే దింపి సిద్ధం చేస్తోంది. స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ దగ్గర షేడర్ ప్రీ-క్యాషింగ్ అని ఉంటుంది, ఆపేయండి. గేమ్ మొదట్లో కాస్త తడబడితే కంగారు పడకండి, కొత్త డ్రైవర్లలో అది చాలా వరకు తగ్గిపోయింది. కొన్ని గేమ్‌ల లోపల వచ్చే వీడియో సీన్లు ఆ క్యాష్‌తో పాటే దిగుతాయి, సీన్ బదులు రంగుల పట్టీలు కనిపిస్తే ఆ గేమ్ ఆడేన్నాళ్లు మళ్లీ ఆన్ చేసుకోండి.

ప్రశ్న: నాది ఎన్విడియా జీటీఎక్స్ 1650 ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్. విండోస్‌లో చక్కగా ఆడిన గేమ్ లైనక్స్‌లో స్లైడ్ షోలా వస్తోంది. డ్రైవర్ వేశాను, అయినా అంతే. లైనక్స్ అంటేనే విరక్తి పుడుతోంది.
- ప్రైవేటు ఉద్యోగి, గుంటూరు

జవాబు: డ్రైవర్ వేశారు సరే, అది లోడ్ అయిందా? మీ గేమ్ ఎన్విడియా కార్డు మీద కాకుండా ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందని నా అనుమానం. మాంగోహడ్ అనే చిన్న టూల్ వేసుకుంటే ఏ కార్డు పనిచేస్తోందో గేమ్ ఆడుతుండగా స్క్రీన్ మీదే చూపిస్తుంది.

అసలు చిక్కు సెక్యూర్ బూట్ (కంప్యూటర్ నమ్మిన సాఫ్ట్‌వేర్‌నే లోడ్ కానిచ్చే కాపలా) దగ్గర వస్తుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు ఉబుంటులోనో మింట్‌లోనో డ్రైవర్ వేస్తే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం రంగు స్క్రీన్ వస్తుంది. చూడటానికి ఏదో పాడైనట్టు ఉంటుంది కాబట్టి చాలామంది భయపడి కంటిన్యూ నొక్కేస్తారు. అక్కడ 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలి. అది చేయకపోతే డ్రైవర్ డిస్క్‌లో ఉంటుంది, కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు, ఎర్రర్ మెసేజ్ కూడా కనిపించదు. డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి, ఈసారి ఆ నీలం స్క్రీన్ వదలకండి. సెక్యూర్ బూట్‌ను బయాస్‌లో ఆపేసినా పని జరుగుతుంది.

ఇవన్నీ చేశాక కూడా డైరెక్ట్‌ఎక్స్ 12 (వల్కన్ లాంటిదే, మైక్రోసాఫ్ట్‌ది) వాడే గేమ్‌ల్లో విండోస్ కంటే కొంత వెనకబడవచ్చు, ఎన్విడియా కార్డులకు లైనక్స్‌లో అది తెలిసిన సమస్యే. ఏఎండీ కార్డులకు ఈ డ్రైవర్ తంటా లేదు, వాటి డ్రైవర్ లైనక్స్‌తో పాటే వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లు, మనసులో లైనక్స్ ఉంటే, కొనే ముందే ఇది చూసుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఇంట్లో నాలుగో జనరేషన్ కోర్ ఐ5 ల్యాప్‌టాప్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్ 11కి పనికిరాదు, కొత్తది కొనండి అని రిపేరు షాపతను అంటున్నాడు. మావాడేమో లైనక్స్ వేస్తే చదువుకీ గేమ్స్‌కీ ఇదే సరిపోతుందంటున్నాడు. వాడి మాట నమ్మొచ్చా అండీ?
- గృహిణి, అనకాపల్లి

జవాబు: చదువు విషయంలో పూర్తిగా నమ్మొచ్చమ్మా. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే విండోస్ 11కి అధికారికంగా అర్హత, కాబట్టి షాపతను చెప్పిందీ అబద్ధం కాదు. కానీ దాన్ని పారేయాల్సిన పని లేదు. ఎస్‌ఎస్‌డీ వేయించి, 8 జీబీ ర్యామ్ ఉండేలా చూసుకుని లైనక్స్ మింట్ వేస్తే బ్రౌజర్, వీడియో పాఠాలు, నోట్సు, కోడింగ్ అన్నీ హాయిగా జరుగుతాయి.

గేమ్స్ దగ్గర మాత్రం మీవాడికి ముందే చెప్పండి. ప్రోటాన్‌లో విండోస్ గేమ్స్ ఆడటానికి వల్కన్ కావాలి, నాలుగో జనరేషన్ ఇంటెల్ గ్రాఫిక్స్‌లో అది అరకొరగానే ఉంటుంది. పెద్ద గేమ్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. సూపర్ టక్స్ కార్ట్, వెస్‌నాత్, ఓపెన్ టీటీడీ లాంటి ఉచిత గేమ్స్ ఆడతాయి, మైన్‌క్రాఫ్ట్ జావా, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి కొనుక్కుంటే అవీ ఆడతాయి. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపి చూసుకునే వీలుంది, ఆ పని మీ అబ్బాయికే అప్పగించండి, కంప్యూటర్ గురించి వాడు నేర్చుకునేది చాలా ఉంటుంది అందులో.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. ఈసారి విజయవాడ వచ్చేటప్పుడు మా అన్నయ్య కొడుక్కి స్టీమ్ డెక్ (లైనక్స్‌తో నడిచే, చేత్తో పట్టుకుని ఆడే గేమ్ కంప్యూటర్) తేవాలనుకుంటున్నాను. నా స్టీమ్ అకౌంట్‌లో ఉన్న గేమ్స్ వాడికి ఇవ్వొచ్చా? అక్కడ పనిచేస్తుందా?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అమెరికా

జవాబు: పనిచేస్తుంది. ఛార్జర్‌కి పిన్ మార్చే అడాప్టర్ చాలు. కానీ వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్‌ను ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు, రిపేరు వస్తే మళ్లీ మీరే అమెరికా పట్టుకెళ్లాలి. గేమ్స్ పంచుకోవడం కుదరదు, స్టీమ్ ఫ్యామిలీలో అందరూ ఒకే దేశంలో, ఒకే ఇంటివాళ్లుగా ఉండాలన్నది వాళ్ల నియమం. అబ్బాయి పేరుతో ఇక్కడే అకౌంట్ తెరిపించండి, ధరలు రూపాయల్లో ఉంటాయి, యూపీఐతో కట్టొచ్చు, చాలా గేమ్‌ల ధర అమెరికాలో కంటే తక్కువే.

ప్రశ్న: లైనక్స్ గేమింగ్ వచ్చేసింది వచ్చేసింది అని 2013 నుంచి వింటున్నాను. ఈసారైనా నిజమేనా?
- పాత లైనక్స్ వాడుకరి, హైదరాబాద్

జవాబు: మీ అసహనం నాకు అర్థమవుతుంది. 2013లో లైనక్స్‌కి స్టీమ్ వచ్చింది, 2015లో స్టీమ్ మెషీన్లు అనే లైనక్స్ గేమ్ కంప్యూటర్లు వచ్చాయి, ఆడటానికి గేమ్స్ లేక అవి మూలన పడ్డాయి. అప్పట్లో ప్రతి కంపెనీ లైనక్స్‌కి విడిగా గేమ్ చేయాలని కోరుకున్నాం, అది జరగలేదు. 2018 ఆగస్టులో ప్రోటాన్ వచ్చాక మొత్తం మారింది. 1993 నుంచి వలంటీర్లు కట్టుకుంటూ వచ్చిన వైన్, దాని పక్కన డైరెక్ట్‌ఎక్స్‌ను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే, ఈ రెండూ దానికి పునాది. 2022లో స్టీమ్ డెక్ వచ్చాక గేమ్ కంపెనీలు తమ గేమ్ ప్రోటాన్‌లో ఆడుతుందో లేదో విడుదలకు ముందే చూసుకోవడం మొదలుపెట్టాయి. 2025 అక్టోబరు స్టీమ్ సర్వేలో లైనక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది. చిన్న సంఖ్యే, కానీ చాలా ఏళ్లు 1 శాతం దగ్గరే కొట్టుమిట్టాడిన సంఖ్య అది.

ఒంటరిగా ఆడుకునే గేమ్స్ వరకు ఈసారి నిజమే అని ధైర్యంగా చెప్తాను. మిగిలింది యాంటీ చీట్ గోడ, దాన్ని కంపెనీలే దింపాలి. మన చేతిలో ఉన్నది ఒకటుంది. ప్రోటాన్‌లో ఆడటానికి కొన్న గేమ్ లైనక్స్ అమ్మకం కిందే లెక్కకు వస్తుంది. కాబట్టి లైనక్స్‌లో ఆడే గేమ్‌కే డబ్బు పెట్టండి. కొనే ముందు ప్రోటాన్ డీబీ సైట్‌లో ఇతరులు ఏం రాశారో చదవండి. కొన్నాక ఆడకపోతే 14 రోజుల్లోపు, రెండు గంటల ఆట దాటకుండా రీఫండ్ అడిగి, కారణం దగ్గర లైనక్స్‌లో ఆడలేదని రాయండి.

ప్రశ్న: ఇంటర్నెట్ సెంటర్ రోజుల్లో ఆడిన వైస్ సిటీ లైనక్స్‌లో ఆడుతుందా? ఇంకా పాత విండోస్ 95 గేమ్ సీడీ కూడా ఒకటి ఉంది.
- ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: వైస్ సిటీ డైరెక్ట్‌ఎక్స్ 8 కాలం గేమ్. 2024లో వచ్చిన డీఎక్స్‌వీకే 2.4 నుంచి ఆ తరం గేమ్స్‌కి సపోర్ట్ చేరింది, లూట్రిస్ అనే ప్రోగ్రామ్ వేసుకుని ప్రయత్నించండి. మీ పాత సీడీలో ఉన్నది 16 బిట్ ప్రోగ్రామ్ అయితే 64 బిట్ విండోస్ దాన్ని అసలు తెరవదు, వైన్ మాత్రం తెరుస్తుంది. డాస్ గేమ్ అయితే డాస్‌బాక్స్ వాడండి. ముందు సీడీని ఒక ఐఎస్ఓ ఫైల్‌గా కాపీ చేసి పెట్టుకోండి, అంత పాత డిస్క్‌లు ఎప్పుడు చదవడం మానేస్తాయో చెప్పలేం.