చిన్నప్పుడు చూపు ఆగేది, ఇప్పుడు చేతులు ఎగురుతున్నాయి

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూనే చూపు నిలిచిపోయేది. ఆబ్సెన్స్ ఫిట్స్ అన్నారు. మందు వాడి, డాక్టర్ చెప్పాకే ఆపేశాం. ఇప్పుడు పదిహేనేళ్లు. పొద్దున్నే చేతులు ఉలిక్కిపడినట్టు ఎగిరి టూత్‌బ్రష్ జారిపోతోంది. పరీక్షలకని రాత్రంతా చదివి, తెల్లారేసరికి ఫిట్స్ వచ్చి పడిపోయింది. కార్బమాజెపిన్ మొదలుపెట్టాక చేతులు ఎగరడం ఇంకా ఎక్కువైంది. మొదట చూసిన డాక్టర్ పొరబడ్డారంటారా?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: ఆయన్ని తప్పుపట్టడానికి లేదమ్మా. ఆబ్సెన్స్ ఫిట్స్ చాలామంది పిల్లల్లో ఎదిగేకొద్దీ పోతాయి. కొందరిలో మాత్రం టీనేజీలో జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీగా, అంటే కుదుపులతో వచ్చే ఒకరకం మూర్ఛగా బయటపడతాయి. నిద్రలేచిన కాసేపటికే కుదుపులు, నిద్ర చాలని మర్నాడు పెద్ద ఫిట్స్... మీరు రాసినవి దానికే సరిపోతున్నాయి. ఏడేళ్లప్పుడు కుదుపులే లేవు, ఆ పేరు ఎవరు పెట్టగలరు?

నాకు కంగారుగా ఉన్నది మందు గురించే. కార్బమాజెపిన్ మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కి మంచిదే గానీ, ఈ రకంలో కుదుపుల్ని పెంచుతుంది. ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటాయిన్‌తోనూ ఈ ఇబ్బంది ఉంది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. ఒకట్రెండు రోజుల్లోనే న్యూరాలజిస్టుకి చూపించండి. నిమ్స్, గాంధీ, ఉస్మానియాల్లో న్యూరాలజీ విభాగాలున్నాయి. పాత ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష), మందుల చీటీలు పట్టుకెళ్లండి. పొద్దుటి కుదుపుల్ని ఫోన్‌లో వీడియో తీయండి. వాటిని నిద్రమత్తు అనుకుని ఇంట్లోవాళ్లు చెప్పరు, కొన్నిసార్లు డాక్టరూ అడగరు. మందు దారితప్పేది అక్కడే. ఈఈజీ ఒకసారి నార్మల్ వచ్చినా జబ్బు లేదని తేల్చలేం, నిద్ర తగ్గించి మళ్లీ తీయమంటారు.

వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుంది, కానీ ముందుముందు గర్భంలోని బిడ్డకు హాని చేసే మందు. ఆడపిల్ల కాబట్టి లెవెటిరాసెటమ్ సరిపోతుందేమో అడగండి. ఈ రకానికి మందు ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు. రాత్రి చదువు మాత్రం ఇవాళే మాన్పించండి.

ప్రశ్న: నాన్నకి ఇదివరకు పడిపోయి కొట్టుకునే ఫిట్స్ వచ్చేవి. మందుతో ఆగాయి. కానీ అప్పుడప్పుడు చొక్కా గుండీలు లాగుతూ, పిలిస్తే పలకరు. వయసు వల్లేనా?
– ఉప్పల్ పాఠకుడు

జవాబు: ఇవీ ఫిట్సే కావచ్చు. మందు వల్ల మెదడంతా పాకకుండా మొదలైనచోటే ఆగుతూ ఉండొచ్చు. డాక్టర్‌తో ‘ఫిట్స్ తగ్గాయి’ అని ఊరుకోకండి. ఎంతసేపు ఉంది, తర్వాత ఎంతసేపు అయోమయంగా ఉన్నారు, తేదీతో సహా రాసి చూపించండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. డాక్టర్ చెప్పేదాకా బండి తాళం ఇవ్వకండి.