విరామం తర్వాత కోనేరు హంపి మళ్ళీ ప్రపంచ విజేత ఎలా కాగలిగారు?

పెళ్ళయి, పాప పుట్టి, సుమారు రెండేళ్లు పోటీలకు దూరంగా ఉన్న చదరంగ క్రీడాకారిణి కోనేరు హంపి గారు మళ్ళీ ప్రపంచ విజేత కావడానికి చిన్ననాటి ప్రతిభే కారణమా అని మీరు అడిగారు. నేను కూడా రేటింగ్ టోర్నమెంట్లు ఆడుతూ, కాన్పు కోసం మానేసి, బిడ్డ కాస్త పెద్దయ్యాక తిరిగి బోర్డు ముందు కూర్చున్నదాన్నే. ఆమెది వేరే స్థాయి, అయినా విరామం వల్ల ఆటలో ఏది పోతుందో, ఏది మిగులుతుందో నాకు అనుభవంలో ఉంది కాబట్టి రాస్తున్నాను.

ప్రతిభ గురించి ఎవరికీ సందేహం లేదు. గుడివాడలో పుట్టి, తండ్రి అశోక్ గారి దగ్గరే ఆట నేర్చుకున్న ఆమె 1997, 1998, 2000లో ప్రపంచ బాలికల వయోవిభాగాల టైటిళ్లు గెలిచారు. 2002లో 15 ఏళ్లకే చదరంగంలో అత్యున్నత హోదా అయిన గ్రాండ్‌మాస్టర్ అయ్యి, అతి చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళగా అప్పటిదాకా హంగరీ క్రీడాకారిణి జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును దాటారు. 2007లో, ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చూపే రేటింగ్‌లో 2600ను అధిగమించారు. పోల్గార్ తర్వాత ఆ గీత దాటిన రెండో మహిళ ఆమే. అయితే ఇంతటి ప్రతిభ ఉన్న 24 ఏళ్ల వయసులోనే, 2011లో అల్బేనియాలోని టిరానాలో చైనా క్రీడాకారిణి హౌ యిఫాన్‌తో జరిగిన ప్రపంచ టైటిల్ పోరులో ఆమె మూడు ఆటలు ఓడి, ఐదు డ్రా చేసుకుని, ఒక్కటి కూడా గెలవలేకపోయారు. అందుకే ప్రతిభ ఒక్కటే సమాధానమంటే నేను ఒప్పుకోలేను.

నేను తిరిగి ఆడడం మొదలుపెట్టినప్పుడు ఓపెనింగ్ వరుసలు (ఆట మొదట్లో వేసే ఎత్తులు) త్వరగానే గుర్తుకొచ్చాయి. కష్టమైనది, ఓడిన ఆటను వెంటనే వదిలేయడం. మధ్యాహ్నం ఆటలో గుర్రంతో బంటును కొట్టాలా వద్దా అని లెక్క వేస్తుండగా, పొద్దున పోగొట్టుకున్న ఏనుగు కళ్ళ ముందుకొచ్చేది, గడియారంలో నిమిషాలు కరిగిపోయేవి. ఇంట్లో పిల్ల ఎలా ఉందోనన్న ఆలోచన దీనికి తోడయ్యేది. హంపి గారి రెండో దశ విజయాలను నేను ఈ కోణం నుంచే చూస్తాను.

2019 డిసెంబరులో మాస్కోలో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆటల) పోటీలో చైనాకు చెందిన లే తింగ్జియెతో టైబ్రేక్ (సమానంగా నిలిచినప్పుడు విజేతను తేల్చే ఆటలు) మొదటి ఆటను ఆమె గడియారంలో సమయం అయిపోయి ఓడిపోయారు. రెండో ఆట గెలిచి, ఆ తర్వాత ఆర్మగెడాన్ అనే చివరి నిర్ణాయక ఆటలో టైటిల్ దక్కించుకున్నారు. 2024లో న్యూయార్క్‌లో అయితే మొదటి రౌండే ఓడిపోయారు. ఆటకు 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్ల అదనం మాత్రమే ఉండే ఆ పోటీలో మొదట్లోనే వెనకబడితే కోలుకోవడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకు తెలుసు. ఆమె మాత్రం చివరి రౌండులో నల్ల పావులతో ఇండోనేషియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ను ఓడించి, 11 ఆటల్లో 8.5 పాయింట్లతో రెండోసారి ర్యాపిడ్ విజేత అయ్యారు.

2025లో జార్జియాలోని బతూమీలో జరిగిన మహిళల ప్రపంచ కప్ సెమీఫైనల్ నాకు వీటన్నిటికన్నా ఇష్టం. ఎదురుగా మళ్ళీ లే తింగ్జియే. 10 నిమిషాల టైబ్రేక్ ఆటల్లో మొదటిది ఓడి, రెండోది గెలవకపోతే ఇంటికి వెళ్ళవలసిన స్థితిలో గెలిచి, ఆపై ఇంకా తక్కువ సమయం ఉండే బ్లిట్జ్ ఆటలు రెండూ గెలిచారు. అప్పుడామెకు 38 ఏళ్లు. టిరానాలో కనిపించని గుణం ఇదే. వయసు, ఇల్లు, పాప, ఆటకు అవతల మరో జీవితం ఉందన్న భరోసా కలిసి దాన్ని ఇచ్చాయని నా నమ్మకం.

ఫైనల్లో 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్‌తో రెండు క్లాసికల్ (ఎక్కువ సమయం ఉండే) ఆటలూ డ్రా అయ్యాక, హంపి గారు టైబ్రేక్‌లో ఓడారు. ఆ రెండో స్థానంతోనే ఆమె, ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవారిని తేల్చే క్యాండిడేట్స్ టోర్నీకి అర్హత సాధించారు.